ఆది జాకెట్టు

మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు భయపడని విషయం ఉండదు. మీట నొక్కితే పేలుతుందేమో అంటారు, పక్కవాళ్ళ డబ్బు పోతుందేమో అంటారు, పోలీసులొస్తారేమో అని కూడా ఒకావిడ అడిగింది. నిజంగా ఆగి ఆలోచించాల్సిన చోట మాత్రం నిశ్చింతగా నొక్కేస్తారు. వాళ్ళకి పాఠాలు చెప్పీ చెప్పీ నాకు తెలిసింది ఇదే.

నా పేరు కాత్యాయని. కాకినాడలో మా ప్రయోగశాలకి రెండంతస్తులు. పైన ఇందుశేఖర్ గారూ ఆయన జట్టూ కొత్త కొత్తవి కనిపెడతారు. వాటిని ఎలా వాడుకోవాలో కింద నేను జనానికి చెప్తాను. కనిపెట్టడం కన్నా చెప్పడమే కష్టమని నా గట్టి అభిప్రాయం. పైవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోవాలని నేనూ అడగను.

అప్పటికే ఇంటింటి గోడకీ గడప వచ్చేసింది. నిలువుటద్దమంత పలక, దానిమీద ఆ ఇంటి పేజీ. కొత్తలో పేజీ ఖాళీగా ఉంటుంది. అందులో బిళ్ళలు పెట్టుకోవాలి. గడియారం ఒక బిళ్ళ, గ్యాసు బండ తెప్పించుకునేది ఒక బిళ్ళ, పెళ్ళి ఫోటో ఒక బిళ్ళ. ఎవరి ముచ్చట వాళ్ళది.

ఆ రోజు బిళ్ళల పాఠం మొదలుపెట్టాను.

"బిళ్ళని ఒక్కసారి తయారుచేస్తే చాలు. మీ పేజీలో పెట్టుకోవచ్చు, మీ చెల్లెలి పేజీలో పెట్టొచ్చు, వీధిలో అందరి పేజీల్లోనూ పెట్టొచ్చు. మళ్ళీ మళ్ళీ చెయ్యక్కర్లేదు."

వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. మెడలో మంగళసూత్రం ఉండాల్సిన చోట కొలతల టేపు వేలాడుతోంది.

"అంటే ఆది జాకెట్టు లాగన్నమాటండి."

క్లాసంతా తలూపింది. మా అందరికీ తెలిసిన విషయమే. ఒంటికి చక్కగా అమరిన పాత జాకెట్టు ఒకటి తీసుకెళ్ళి కుట్టేవాళ్ళకి ఇస్తాం. దాన్ని చూసి కొత్త గుడ్డ కత్తిరిస్తారు. ఎన్ని కొత్తవి కుట్టినా ఆది ఆదిలాగే ఉంటుంది, భద్రంగా సంచిలో తిరిగొస్తుంది.

"సగం అంతేనండి, మిగతా సగం వేరు. ఏదీ, మీ పేజీలో పాలబ్బాయి నంబరు బిళ్ళ ఉంది కదా, అందులో ఒక అంకె మార్చండి," అన్నాను.

ఆవిడ వేలు పెట్టి నొక్కింది. ముందు వరసలో ఒకావిడ కెవ్వుమంది. "నా దాంట్లో కూడా మారిపోయిందండీ! నేనేం ముట్టుకోలేదండీ బాబూ!"

అందరూ నవ్వారు. "అదే సంగతి. ఇవి జాకెట్లు కావు. ఎన్ని పేజీల్లో ఉన్నా బిళ్ళ ఒకటే. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది," అన్నాను.

"సుఖమే కదండీ. పాలబ్బాయి నంబరు మారిందని ఇల్లిల్లూ తిరిగి చెప్పక్కర్లేదు," అంది టేపు ఆవిడ.

ఆవిడ పేరు వరహాలమ్మ. జగన్నాథపురం వంతెన అవతల చిన్న కుట్టు దుకాణం, వెనకాలే రెండు గదుల ఇల్లు. ఆ క్లాసులో అందరూ ఊసుపోకో, కోడలు పొమ్మందనో వచ్చినవాళ్ళే. వరహాలమ్మ మాత్రం పైఅంతస్తు కోసం వచ్చింది. పైన ఇందుశేఖర్ గారి గదిలో ఆవిడ కూతురు సుగుణ గొంతు ఇస్తోంది. కింద తల్లి ఆ గొంతుని గోడమీద ఎలా పెట్టుకోవాలో నేర్చుకుంటోంది. ఈ ముక్క తెలిసిన రోజున నాకు పాఠం సరిగా సాగలేదు.

సుగుణకి రక్తంలో జబ్బు. ముప్పై దాటలేదు. తునిలో కాపురం, ఏడాదిన్నర పాప. వైద్యులు చెయ్యగలిగిందంతా చేసి, ఇక ఇంట్లో ఉంచుకోండని చెప్పి పంపించారు. సుగుణ ఇంట్లో కూర్చోకుండా మా దగ్గరికి వచ్చింది.

క్లాసు అయ్యాక వరహాలమ్మతో పాటు నేనూ పైకి వెళ్ళాను. కుర్చీలో చీరలో చిక్కిపోయి కూర్చున్న ఆ అమ్మాయి తల్లిని చూడగానే అంది.

"ఏవే వరాలూ, పరీక్ష పాసయ్యావా?"

నేను తెల్లబోయాను. తల్లి ముసిముసిగా నవ్వింది. "ఎక్కడే, పాలబ్బాయి నంబరు చెడగొట్టి వచ్చాను."

"మీకు వింతగా ఉందా అండి?" అంది సుగుణ నాకేసి తిరిగి. "మా నాన్న అలా పిలిచేవోడండి. నాకు మాటలు రాగానే మొదట వచ్చిన మాటంట. నాన్న పోయాక ఇంకెవరూ పిలిచేవోళ్ళు లేరు కదా అని నేనే పిలుత్తున్నాను."

ఇందుశేఖర్ గారు మితభాషి. ఆ రోజు ఒక పాత రికార్డు పెట్టి వినిపించారు. ఎవరో తాతగారు మనవడికి జాగ్రత్తలు చెప్తున్నాడు. మళ్ళీ పెట్టారు. మూడోసారి పెట్టబోతే సుగుణే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండి బాబూ. పాపం, చచ్చిపోయినట్టు తెలిసిపోతంది."

"అందుకే ఇది," అని ఆయన బల్లమీది యంత్రం చూపించారు. "ఇది రికార్డు కాదమ్మా. నీ గొంతూ, నీ మాట తీరూ నేర్చుకుంటుంది. తర్వాత ఎదుటివాళ్ళు మాట్లాడేది వింటుంది, జవాబు చెప్తుంది. విన్నదాన్ని బట్టి మారుతుంది కూడా. బతికున్న మనిషి మారడూ, అలాగ. మాట్లాడేవాళ్ళుంటేనే పెరుగుతుంది."

పలుకు బిళ్ళ అని దానికి పేరు. గడపలో పెట్టుకునే బిళ్ళల్లో అదీ ఒకటి. ఆయన మరో మాట అడిగారు. కావాలంటే రెండు మూడు చేస్తాను, కాకినాడకి ఒకటి, తునికి ఒకటి.

సుగుణ ఒప్పుకోలేదు. "వద్దండి. రెండు చేత్తే మా అమ్మ దగ్గర ఒక సుగుణ, నా కూతురి దగ్గర ఇంకో సుగుణా అయిపోతారు. ఒకదానికి తెలిసింది ఇంకోదానికి తెలీదు. ఎక్కడున్నా నేను ఒక్కదాన్నే ఉంటానండి. మాటివ్వండి."

ఆయన మాటిచ్చారు. వరహాలమ్మ కూతురి జడ విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చుంది. అల్లడానికి అక్కడ పెద్దగా జుట్టు లేదు.

వానలు మొదలైన వారానికి సుగుణ పోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక వరహాలమ్మ ఎవరి సాయం లేకుండా పలుకు బిళ్ళని తన పేజీలో పెట్టుకుంది. నా విద్యార్థులందరిలో ఒక్క తప్పు లేకుండా పని చేసింది ఆవిడే. నేను జాకెట్టు గుడ్డ పట్టుకుని దుకాణానికి వెళ్ళేసరికి, ఆవిడ మిషను తొక్కుతోంది, గోడమీంచి గొంతు వినిపిస్తోంది.

"ఏవే వరాలూ, తిన్నావా?"

"తిన్నాలేవే."

"ఏం తిన్నావు? అబద్ధాలాడకు. పొద్దుట నుంచీ టీలు తాగి కూర్చున్నావు."

వరహాలమ్మ నా మొహం చూసి మిషను ఆపింది. "నాకు మతి పోలేదండి. నా కూతురు పోయింది, నా చేత్తో పసుపు రాసి పంపించాను. గొంతుక మిగిలింది. గొంతుకన్నా మిగిలింది కదండీ," అంది.

ఆ వీధిలో ఆవిడ సంగతి అందరికీ తెలుసు. నాలుగు జంతికలు వేయించినా గిన్నె పట్టుకుని నాలుగిళ్ళు తిరుగుతుంది. ఒక్కతే తినడం ఆవిడ వల్ల కాదు. గొంతు దగ్గర కూడా అదే బుద్ధి చూపించింది. పిఠాపురంలో చెల్లెలి పేజీలో పెట్టింది. సుగుణ స్నేహితురాలు అడిగితే ఆ అమ్మాయి పేజీలో పెట్టింది. అన్నిటికన్నా ముందు తునిలో అల్లుడు సత్తిబాబు ఇంట్లో, పసిపిల్ల లాస్య చూపు అందే ఎత్తులో పెట్టించింది.

"ఆది నా దగ్గరే ఉంది కదండీ, ఎంతమందికి కుట్టిస్తే మాత్రం ఏం పోయింది," అంది.

పాలబ్బాయి నంబరు గుర్తుచేశాను. నవ్వి కొట్టిపారేసింది. "భలేవారే మేడంగారు. నంబరూ మనిషీ ఒకటేనా?"

చాలాకాలం ఆవిడ మాటే నెగ్గింది. సుగుణ గొంతు వరహాలమ్మని తిట్టింది, నవ్వించింది, కళ్ళజోడు మార్పించింది. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళు గోడతో కూడా ఓ మాట మాట్లాడి వెళ్ళేవారు. నేను రెండు జాకెట్లు కుట్టించాల్సిన చోట నాలుగు కుట్టించాను. ఆ తల్లీకూతుళ్ళ కబుర్లు వినడానికే అని ఇప్పుడు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

మార్పు మెల్లిగా వచ్చింది. ఒకరోజు గొంతు "అయ్యో నా మతి మండా!" అంది. అది పిఠాపురం చెల్లెలి ఊతపదం. వరహాలమ్మ పడీ పడీ నవ్వి, చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పింది. తర్వాత గొంతు నెమ్మదించింది. ఒక్కో మాటా విడదీసి, ముద్దుగా, పిల్లలతో మాట్లాడేటట్టు మాట్లాడసాగింది. లాస్యకి మాటలు వచ్చేశాయి మరి. ఆ పిల్ల కళ్ళు తెరిచింది మొదలు నిద్రపోయేదాకా గోడకే అతుక్కుని ఉంటోందట. మిగిలిన ఇళ్ళన్నీ కలిపి మాట్లాడేది దానికి పావు వంతు కూడా ఉండదు.

ఆ వేళ నేను అక్కడే ఉన్నాను. వరహాలమ్మ నా జాకెట్టుకి హుక్కులు కుడుతోంది.

"అమ్మమ్మా, బువ్వ తిన్నావా?" అంది గొంతు.

వరహాలమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"ఏవన్నావే?"

"బువ్వ తిన్నావా అమ్మమ్మా?"

మన ఇళ్ళల్లో ఇది వింతేమీ కాదు. ఇంట్లో పిల్ల పుడితే పెద్దవాళ్ళందరికీ కొత్త పిలుపులు వస్తాయి. పిల్లకి అలవాటు కావాలని కన్నతల్లినే అమ్మమ్మా అంటాం. సుగుణ బతికుంటే తనూ అలాగే పిలిచేదేమో. కానీ మధ్యలో ఓసారి, పిల్ల నిద్రపోయినప్పుడో, పొయ్యి దగ్గర ఇద్దరే ఉన్నప్పుడో, వరాలూ అని పిలిచి ఉండేది. గొంతుకి ఆ మధ్యలో అనేది లేదు. అది అన్ని ఇళ్ళలోనూ ఒకేసారి ఉంది, అన్ని ఇళ్ళలోనూ పిల్ల మేలుకునే ఉంది.

"అమ్మమ్మ కాదే, వరాలు. వరాలూ అను," అంది వరహాలమ్మ.

"వరాలూ," అంది గొంతు బుద్ధిగా. కాసేపటికి మళ్ళీ అమ్మమ్మా అంది.

ఆవిడ పట్టు వదల్లేదు. మిషను పక్కన పెట్టి గోడ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. పగలంతా అదే పని. వరాలూ అనవే, నన్ను వరాలూ అనవే తల్లీ. బతిమాలింది, కసిరింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కుట్టమని ఇచ్చిన బట్టలు మూటలు కట్టి ఉన్నచోటే ఉండిపోయాయి. "మా ఆయన పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదండి," అని నాతో అంది. అప్పుడు పిలవడానికి సుగుణ ఉంది కదా మరి.

చివరికి ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని పైఅంతస్తు ఎక్కింది.

"అయ్యా, ఆది నా దగ్గరే ఉండాలి కదండీ," అంది ఇందుశేఖర్ గారితో. "ఊరందరికీ కుట్టినా ఆది చెక్కుచెదరకూడదు కదండీ. నా సంచిలోది ఏవైపోయిందండి?"

ఆయన నాకేసి చూశారు. నేను చెప్పాను. "వేరే ఆది లేదు వరహాలమ్మ గారూ. అన్ని ఇళ్ళల్లోనూ తొడుక్కుంటున్నది ఆ ఒక్క జాకెట్టే. ఎవరి ఒంటికి ఎక్కువసేపు ఉంటే వాళ్ళ ఒంటికి తగ్గట్టు సాగింది."

ఆవిడ అర్థమైనట్టు టేపు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. జాకెట్టు భాషలో చెప్తే ఆవిడకి తెలియనిది లేదు.

"మా ఇంటికి వేరేగా ఒకటి ఇవ్వలేరా అండి?"

"అమ్మాయి వద్దంది. మీ ముందే మాటిచ్చాను," అన్నారు ఆయన. మళ్ళీ ఆయనే, "ఒక దారి ఉంది. అమ్మాయి మొదట ఇచ్చిన రూపు మా దగ్గర భద్రంగా ఉంది. గొంతుని అక్కడికి తిప్పెయ్యొచ్చు. మళ్ళీ మిమ్మల్ని వరాలూ అంటుంది. బిళ్ళ మీ పేరున ఉంది కనక మీరు చెప్తే చాలు."

"తిప్పెయ్యండి," అంది ఆవిడ, మాట పూర్తి కాకుండానే.

"అన్నిచోట్లా తిరుగుతుందమ్మా. తునిలో కూడా. ఈ రెండేళ్ళలో పాప దగ్గర నేర్చుకున్నదంతా పోతుంది. దానికి పాప మళ్ళీ మాటలు రాని ఏడాదిన్నర పిల్లే. అందుకే ముందుగా వాళ్ళకి చెప్పాలి. ఇక్కడినుంచి ఫోన్ చేయిస్తాను."

"ఫోనులో చెప్పే మాటా అండి అది? అల్లుడికి నేనే ఎదురుగా చెప్తాను," అని లేచింది.

ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక నేనూ రైలెక్కాను. దారి పొడుగునా ఆవిడ ఒకే మాట తిప్పి తిప్పి చెప్పింది. "పిల్లకి తండ్రున్నాడండి. నాయనమ్మ ఉంది. చదువుకుంటాది, ఆడుకుంటాది, మర్చిపోద్ది. నాకెవరున్నారండి? వరాలూ అని పిలిచే నోరు ఇంకోటి లేదు కదండీ ఈ లోకంలో."

తునిలో సత్తిబాబు ఇంటి దగ్గర ఆవిడ వియ్యపురాలు గుమ్మంలోనే ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"మంచి వేళకి వచ్చేరు వదినగారూ. మీకే కబురు పెడదామనుకుంటన్నాం. ఆ గోడ సంగతేదో చూడండి. ఈ మధ్య మీ అమ్మాయి గొంతు పిల్ల దగ్గర ఏడుత్తంది."

"ఏడవటమేంటండి?" అన్నాను.

"అన్నం తినిపించే వేళకి కతలు చెప్పేది కదండీ. చెప్తా చెప్తా మధ్యలో ఆగిపోయి ఒకటే ఏడుపు. పిల్ల జడుసుకుంటంది."

వరహాలమ్మ లోపలికి వెళ్ళకుండా గది గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

లోపల గోడ ముందు లాస్య పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడేళ్ళు దాటిన పిల్ల, రెండు పిలకలు. గోడమీంచి సుగుణ గొంతు హుషారుగా కథ చెప్తోంది.

"అప్పుడా మేక ఏం చేసింది?"

"తోక చిరిగిపోయింది!" అంది లాస్య.

"చిరిగిపోతే ఎవరి దగ్గరికి వెళ్ళింది?"

"అమ్మమ్మ కొట్టుకి!"

"వెళ్ళి, అమ్మమ్మా అమ్మమ్మా, నా తోక కుట్టి పెట్టవా అంది. అమ్మమ్మ టేపు తీసింది. మేకకేమో గిలిగింతలు. మరి ముద్ద పెట్టుకో, మింగు, అప్పుడు చెప్తా."

పిల్ల నోట్లో ముద్ద కుక్కుకుంది. ఆ కథ ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ళిద్దరూ కూర్చుని రోజుకింత అల్లుకున్నది. ఈ పిల్లకి రైలు కూత అంటే భయమనీ, కూత వినిపిస్తే కథలో మేక కూడా చెవులు మూసుకోవాలనీ ఆ గొంతుకి తెలుసు. అలా కూత వచ్చింది కూడా. మేక చెవులు మూసుకుంది, పిల్ల కిలకిలా నవ్వింది. వరహాలమ్మ కూడా నవ్వబోయింది.

అంతలో గొంతు ఆగింది. ఆగి, మారింది.

"అనవే... ఒక్కసారి అనవే తల్లీ. వరాలూ అను. నాకెవరున్నారే?"

సుగుణ గొంతే. కానీ ఆ వెక్కిళ్ళు నాకు తెలుసు. అవి జగన్నాథపురంలో స్టూలు మీద కూర్చుని వరహాలమ్మ పెట్టిన వెక్కిళ్ళు, అక్షరం పొల్లుపోకుండా.

లాస్య పళ్ళెం కింద పెట్టేసింది. లేచి, ఎంగిలి చేత్తోనే గోడని నిమిరింది.

"వరాలూ... వరాలూ, ఏడవకే అమ్మా. అన్నాను కదా. నేనున్నాను కదా."

నేను పక్కకి చూశాను. వరహాలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. ఏడుపు పైకి రాకుండా కాదు, ఊపిరి కూడా గోడకి వినిపించకుండా. ఆవిడ ఇంట్లో ఏడిస్తే ఇక్కడ పిల్ల ఓదార్చాల్సి వస్తోంది. పాలబ్బాయి నంబరు ఒక ఇంట్లో మారిస్తే ముందు వరసలో ఆవిడ కెవ్వుమన్నట్టే.

సాయంత్రం సత్తిబాబు పనినుంచి వచ్చాడు. నెమ్మదైన మనిషి. అత్తగారికి కుర్చీ వేసి తను అరుగు మీద కూర్చున్నాడు.

"ఏదో చెప్పాలని వచ్చారంట కదండీ అత్తయ్యగారూ?"

వరహాలమ్మ అల్లుణ్ణి చూసింది, లోపల ఆడుకుంటున్న పిల్లని చూసింది.

"ఏం లేదు బాబూ. పిల్లకి గౌను కుడదామని కొలత తీసుకోడానికి వచ్చాను," అంది. మెడలోంచి టేపు తీసి లాస్యని దగ్గరికి పిలిచింది. టేపు తగలగానే మేకలాగే గిలిగింతలు పెట్టుకుని పిల్ల మెలికలు తిరిగింది.

తిరుగు రైల్లో ఒక్కటే అడిగింది. "నేను మాట్లాడకుండా, ఏడవకుండా ఉంటే చాలా అండి? ఉత్తినే వింటా కూర్చుంటే?"

"మీరుంటారా?" అన్నాను.



మర్నాడు మధ్యాహ్నం నన్ను దుకాణానికి రమ్మంది. తలుపు దగ్గరగా వేసి, గోడమీది గడప ముందు నిలబడి, క్లాసులో నేర్పినట్టే బిళ్ళ మీద వేలు ఆనించి పట్టుకుంది. పలక మీద అక్షరాలు వచ్చాయి. నేను ప్రతి బ్యాచికీ చదివించే వాక్యాలే అవి. క్లాసులో అందరూ గడగడా చదివేసేవారు. ఆవిడ గోడకి వినపడనంత మెల్లగా కూడబలుక్కుని చదివింది.

"ఈ పేజీలోంచి మాత్రమే పోతుంది. మిగతా పేజీల్లో... అలాగే ఉంటుంది. తీసెయ్యమంటారా?"

చదివి నాకేసి తిరిగి, "తునిలో ఉంటాది కదండీ?" అంది.

"ఉంటుందండి. మీ ఏడుపు చేరడం ఆగిపోతే, ఆ పిల్ల మాటల్లో పడి నాలుగు రోజుల్లో గొంతు ఆ ఏడుపు మర్చిపోతుంది."

"వరాలు కూడానా?"

తలూపాను.

అప్పుడే గోడ పలికింది. "అమ్మమ్మా, బువ్వ తిన్నావా?"

పొద్దుటినుంచీ ఆవిడ పొయ్యి వెలిగించలేదని నాకు తెలుసు. చెంపలు తడిగానే ఉన్నాయి, కానీ గొంతులో ఆ తడి లేకుండా చూసుకుంది. అదెలా చేసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. వెళ్తున్నానని చెప్పలేదు. పేరు పెట్టి పిలవలేదు. పిల్ల చెవిన పడితే బెదరని మాట ఏదో అంతే అంది.

"తిన్నానమ్మా. కడుపు నిండా తిన్నాను. మేక కత చెప్పుకోండి."

నొక్కింది. బిళ్ళ ఉన్నచోట తెల్లగా ఖాళీ మిగిలింది. 'ఇక్కడ ఏదైనా చేర్చండి' అని పలక అడిగింది. ఆవిడ ఏమీ చేర్చలేదు.

తర్వాత కూడా నేను దుకాణానికి వెళ్తూనే ఉన్నాను. మూటలు విప్పి కుట్టాల్సినవన్నీ కుట్టేసింది. మాట్లాడేది, నవ్వేది కూడా. ఏడవడం మాత్రం చూడలేదు. గట్టిమనిషి, తట్టుకుంది అనుకున్నాను. అంత చదువుకుని అనుకోవాల్సిన మాటేనా అది!

గౌను అందిందని తునినుంచి వియ్యపురాలు ఫోన్ చేసినప్పుడు నేను జాకెట్టు కోసం వచ్చి ఉన్నాను. వరహాలమ్మ స్పీకరు పెట్టి కాజాలు కుట్టుకుంటూ వింది.

"సరిగ్గా సరిపోయింది వదినగారూ. ఇంకో సంగతి, గోడ బాగుపడిపోయింది. ఏడుపూ లేదు, గీడుపూ లేదు. పొద్దత్తమానూ ఇద్దరూ ఒకటే నవ్వులు."

"ఆ మాట... వరాలూ అనేది?"

"అది అనడమే మానేసిందండి. పిల్ల కూడా మర్చిపోయింది. మొన్నడిగితే, వరాలెవరు నాయనమ్మా అంది. పీడా పోయింది కదండీ."

"పోయిందండి," అంది వరహాలమ్మ. "మంచిదేనండి."

ఫోన్ పెట్టేసి, నా జాకెట్టు మడతపెట్టి సంచిలో పెట్టింది. ఆది జాకెట్టు దానిమీద పెట్టి, రెండూ ఉన్నాయో లేదో చూసుకోమంది. చూసుకున్నాను. ఉన్నాయి. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. గోడమీద ఖాళీ చోటుని అనుమానంగా చూసి, క్లాసులో చెయ్యెత్తి అడిగినట్టే అడిగింది.

"మేడంగారూ, ఇప్పుడిక్కడ ఏడిత్తే అక్కడికి వెళ్ళదు కదండీ?"

"వెళ్ళదండి. ఎక్కడికీ వెళ్ళదు."

అప్పుడు ఏడ్చింది.